గడియమాను

ఉండండ్రా, ఉండండి! ఆ కర్ర మంటలో వెయ్యకండి. ఇలా నా దగ్గరికి తెండి. భోగిమంటలోకి పాత సామాను తెమ్మన్నాను గానీ, అటక మీద కనబడిందల్లా తెమ్మన్నానా? ఆ విరిగిన కుర్చీ వెయ్యండి. చీపుర్లు వెయ్యండి. మీ తాత ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా దాచిన చెదల పెట్టె కూడా వేసెయ్యండి, ఇప్పుడు దెబ్బలాడ్డానికి ఆయన లేరుగా. ఇది మాత్రం వద్దు.

ఇదేటో తెలుసా మీకు? తెలీదు. మీరు పుట్టేసరికే ఇంటికి ఇనప గ్రిల్లూ, తాళాలూ వచ్చేశాయి. దీన్ని గడియమాను అంటారు. సఖువా కర్ర. తలుపు మూసి, లోపలి పక్క గోడల్లో ఉన్న రెండు కన్నాల్లోకి దీన్ని తోసేస్తే బయటినుంచి ఏనుగొచ్చి తోసినా కదలదు. దీని బరువు ఎంతో కాస్త ఎత్తి చూడు. ఊఁ, చూశావా? మా అమ్మ దీన్ని ఒంటిచేత్తో తీసేది.

కూచోండి, కథ చెప్తాను. అటు బస్తీలో టుసు పండగ పాటలు వినబడుతున్నాయి చూడండి, వాళ్లకీ నిద్ర లేదు, మనకీ లేదు. నీళ్లు కాగేలోపు అయిపోతుందిలే.

జంషెడ్‌పూర్‌లో మన గోవింద్‌పూర్ అప్పుడిలా లేదు. అటు టెల్కో కార్ఖానా సైరను, ఇటు వరిమళ్లు, మధ్యన నాలుగు పెంకుటిళ్లు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచొచ్చి కార్ఖానాలో ఫిట్టరుగా కుదిరాడు. మా పక్క సందులో ఓ దర్జీ ఉండేవాడు. నేను చాచా అనేదాన్ని. కొత్త గుడ్డ తెస్తే చాలు, నా భుజాలు కొలవకుండానే పరికిణీ జాకెట్టు కుట్టేసేవాడు. "ఈ గుంట నెలకో అంగుళం పెరుగుతోంది, కొలతలెందుకు దండగ" అని నవ్వేవాడు. అప్పటికి నాకు పదకొండేళ్లు.

1964 అది. కథ ఎక్కడ మొదలైందో వింటే ఆశ్చర్యపోతారు. అంతకు ముందటి డిసెంబరు 27న కాశ్మీరంలో, శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గాలో భద్రంగా ఉంచిన ప్రవక్త కేశం మాయమైంది. వారం తిరిగి జనవరి 4న దొరికింది కూడా. కానీ పోయిందన్న కబురుకున్న కాళ్లు దొరికిందన్న కబురుకి ఉండవు. ఎక్కడి శ్రీనగర్, ఎక్కడి ఖుల్నా! తూర్పు పాకిస్తాన్‌లో హిందువుల ఇళ్ల మీద పడ్డారు. దానికి బదులని కలకత్తాలో ముస్లింల మీద పడ్డారు. దానికి బదులని మళ్లీ ఢాకాలో. ఎవరికి వాళ్లు బదులు తీర్చుకుంటున్నామనే అనుకున్నారు. అప్పు చేసిందెవరో మటుకు ఎవరికీ గుర్తు లేదు.

ఇటు పారిపోయి వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. బెంగాల్లో చోటు లేదని వాళ్లని రైళ్లెక్కించి రాయ్‌పూర్ దగ్గర మానా శిబిరానికి పంపేవారు, అక్కణ్ణించి దండకారణ్యానికి. ఆ రైళ్లు ఖరగ్‌పూర్ దాటి మన టాటానగర్‌లో ఆగి, చక్రధర్‌పూర్, రూర్కెలా మీదుగా పోయేవి. రైలొస్తోందంటే ఊరు ఊరంతా స్టేషనుకి కదిలేది. మార్వాడీలు పూరీలు తెచ్చేవారు, సర్దార్జీలు బకెట్లతో పప్పు తెచ్చేవారు. మన తెలుగువాళ్లం అటుకులు, బెల్లం. మా నాన్నతో నేనూ వెళ్లాను, బెల్లం ముక్కలున్న గిన్నె పట్టుకుని.

ఓ పెట్టెలో మా అమ్మ ఈడు ఆవిడ కిటికీ పక్కన కూచుంది. నాన్న అటుకులు పోస్తే చీర కొంగు పట్టింది. కానీ తినలేదు. రైలు కదిలేదాకా ఆ కొంగు అలాగే పట్టుకుని మమ్మల్ని చూస్తూ ఉంది. ఆ చూపు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. మా వెనకాలే దర్జీ చాచా కూడా వచ్చాడు, గోనెడు ముర్రీలతో. కిటికీ కిటికీకి వెళ్లి పిల్లల దోసిళ్లలో పోశాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు.

జాలి మంచిదే కదా అంటారా? మంచిదే. కానీ ఆ రైళ్లలోంచి ఒట్టి ఆకలే దిగలేదర్రా, వాళ్లు పడ్డ పాట్లు కూడా దిగాయి. ప్లాట్‌ఫారం మీద విన్న కథ సందు చివరికొచ్చేసరికి పదింతలయ్యేది. స్టేషనులో ఏడ్చినవాళ్లే సాక్చీ బజారు చేరేసరికి పళ్లు కొరికేవారు. రూర్కెలాలోనైతే, కాందిశీకులకి పంచిన రొట్టెల్లో విషం కలిపారని పుకారు పుట్టింది. మార్చి నెలలో అక్కడా ఇక్కడా ఒకేసారి అంటుకుంది. ఆ దేశంలో ఎవరో చేసినదానికి మా సందులో బొత్తాలు కుట్టుకునే మనిషి జవాబు చెప్పాలట!

ఆ రాత్రి నాన్నకి నైట్ డ్యూటీ. టెల్కో వైపు పొగ కనబడుతోంది. కర్ఫ్యూ అన్నారు గానీ, సందుల్లో కర్ఫ్యూ ఎవడిక్కావాలి? అమ్మ నన్నూ తమ్ముణ్ణీ లోపల పడుకోబెట్టి ఈ మాను బిగించింది. ఎంత రాత్రయిందో, తలుపు మీద చప్పుడు. గట్టిగా కాదు, గోళ్లతో గీకినట్టు. అమ్మ లేచి నిలబడింది. నేను కొంగు పట్టుకుని "తియ్యకే అమ్మా" అన్నాను. ఆవిడ ఓ క్షణం అలాగే నిలబడింది. తర్వాత మాను తీసింది. చాచా, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. పెద్దది నా ఈడుది. వాళ్ల దుకాణం అప్పటికే తగలబడుతోంది. నా కొత్త పరికిణీ గుడ్డ కూడా అందులోనే పోయింది.

ఎందుకు తీశావని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. మా అమ్మ బర్మాలో పెరిగింది, తెలుసా? శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు జనం ఆ రోజుల్లో పొట్ట చేత పట్టుకుని రంగం వెళ్లేవారు. రంగం అంటే రంగూన్. 1941 డిసెంబరు 23న జపానువాళ్లు రంగూన్ మీద బాంబులేశారు. ఓడల్లో చోటు దొరికినవాళ్లు ఓడలెక్కారు, దొరకనివాళ్లు నడిచారు. లక్షల మంది నడిచారు, వేల మంది దారిలోనే పోయారు. మా అమ్మ పన్నెండేళ్ల పిల్ల. తము అనే ఊరు దాటి, కొండలెక్కి దిగి, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ చేరి రైలెక్కింది. తోడబుట్టినవాళ్లలో ఇద్దరు చేరలేదు. మన ఊళ్లో బర్మామైన్స్ అన్న మాట వినబడితే చాలు, ఆవిడ ఉలిక్కిపడేది. ఆ దారిలో ఓ రాత్రి ఎవరిదో ఇంటి అరుగు మీద వీళ్లని పడుకోనిచ్చారట, గంజి పోశారట. "ఆళ్లదే కులమో, ఏ మతమో నాను అడగలేదు, ఆళ్లు నన్ను అడగలేదు. ఆ గంజి బాకీ అలగే ఉండిపోయింది" అంది. అంతే. ఇంకేం చెప్పలేదు.

ఇక ఆ రెండో రాత్రి సంగతి వినండి. గుంపొచ్చింది. దివిటీలు, కర్రలు. తలుపు దబదబా బాదుతూ "దర్జీ ఎక్కడ" అని అరుస్తున్నారు. అందులో ఓ గొంతు నేను గుర్తుపట్టాను. స్టేషనులో నా గిన్నెలో బెల్లం అయిపోతే తన సంచిలోంచి తీసి నింపినాయన గొంతు.

మా అమ్మ సాయంత్రమే పని చేసి ఉంచింది. గుమ్మానికి వేపరెమ్మలు కట్టింది. నా మొహం నిండా పసుపు పూసి, పక్క మీద వేపాకు పరిచి పడుకోబెట్టింది. అదే దుప్పటి కింద దర్జీ కూతుర్ని కూడా పడుకోబెట్టింది, దాని మొహానికీ పసుపే. గుంపు అరుస్తుంటే లోపల్నుంచి గట్టిగా అంది, "ఇంట్లో పిల్లలకి అమ్మవారు పోసింది నాయనా! మాతా నిక్లీ హై! ముట్టుకుంటే మీ ఇంటికీ వస్తుంది!" ఆ రోజుల్లో మశూచికమంటే యముడే. దివిటీ వెలుగులో వేపరెమ్మలు చూసి ఒక్కొక్కడూ వెనక్కి తగ్గాడు. ఒకడు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడని తలుపు సందులోంచి చూసిన తమ్ముడు చెప్పాడు. ఈ మాను ఆ రాత్రి ఒకసారి కదిలింది గానీ ఊడలేదు.

మూడో రోజు పోలీసు లారీ వచ్చి వాళ్లని శిబిరానికి తీసుకెళ్లింది. చాచా మళ్లీ గోవింద్‌పూర్ రాలేదు.

అబద్ధం చెప్పడం తప్పు కాదా అంటావా? ఈ ప్రశ్న నేనూ అడిగాను, బడిలో. పెద్దయ్యాక మిషను స్కూల్లో టీచరుగా చేశాను కదా, అక్కడో ఖడియా ఆదివాసీ సిస్టరు ఉండేది, సిమ్డేగా వైపు మనిషి. ఓసారి చలికాలం, స్టాఫ్ రూములో కుంపటి చుట్టూ కూచున్నప్పుడు మా అమ్మ కథ చెప్పాను. ఆవిడ చాలాసేపు కుంపటికేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన కథ చెప్పింది.

మన ఊళ్లో ఆ మంటలు ఆరకముందే అవి సిమ్డేగా అడవుల దాకా పాకాయి. అప్పటికది రాంచీ జిల్లాయే. అక్కడ కుటుంగియా అని ఊరు, అందులో ఓ చర్చి. హెర్మన్ రాషార్ట్ అని బెల్జియం నుంచొచ్చిన జెస్యూట్ ఫాదరు అక్కడి విచారణ గురువు, అంటే పారిష్ ప్రీస్టు. నలభై రెండేళ్లయినా నిండలేదు. దగ్గర్లోని గేర్దాలో ముస్లింలు ప్రాణభయంతో మసీదులో దూరారనీ, గుంపు చుట్టుముట్టిందనీ కబురొచ్చింది. మార్చి 24, పవిత్ర వారంలో మంగళవారం. ఆదివారం పాస్కు పండగ. చర్చిలో ఫాదరుకి తల తిప్పుకోలేనంత పని ఉండే వారం. వాళ్లేమీ ఆయన విచారణ జనం కారు, ఆయన మతమూ కాదు. నాకెందుకు అనుకుంటే అడిగేవాడు లేడు.

ఆయన వెళ్లాడు. గుంపుకి ఎదురెళ్లి, వాళ్లని చంపొద్దని బతిమాలాడు. ఆ గుంపు ఆయన్నే చంపేసింది. తర్వాత మసీదులో ఉన్నవాళ్లనీ బతకనివ్వలేదు.

అలా చూడకండి. విన్నప్పుడు నాకూ ఇలాగే కోపం వచ్చింది. మా అమ్మ వేపరెమ్మ కడితే నలుగురు బతికారు, ఆయన ప్రాణమే ఇస్తే ఎవరూ బతకలేదేంటి, మరెందుకెళ్లినట్టు? ఇంటికొచ్చి అమ్మనే అడిగాను. అప్పుడావిడ చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తకుండానే అంది, "నాను ఏపరెమ్మ కడితే ఆళ్లు నమ్మారు. నమ్మకపోతే మనదీ ఆయన దారే. మాను తీసినప్పుడు నాకేటి తెలుసు, ఆయనకేటి తెలుసు?" ఇద్దరూ చేసింది ఒకే పనిరా. ఒకరికి కలిసొచ్చింది, ఒకరికి రాలేదు. కలిసొస్తుందని తెలిశాకే తలుపు తీద్దామనుకుంటే, ఈ లోకంలో ఏ తలుపూ తెరుచుకోదు.

ఆ సిస్టరు ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ బెల్జియం ఫాదర్లకీ మన ఛోటానాగ్‌పూర్‌కీ పాత సంబంధం. కాన్స్టంట్ లీవెన్స్ అనే ఆయన 1885లో వచ్చి, జమీందార్లు లాక్కున్న భూముల కోసం ముండాల తరఫున కచేరీల చుట్టూ తిరిగాడు. వాళ్ల బెల్జియం చాలా చిన్న దేశం. 1940 మే నెలలో హిట్లర్ సైన్యం దాన్ని మింగేసింది. అప్పటికి రాషార్ట్ పదిహేడేళ్ల కుర్రాడు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్లు పట్టిన రోజులవి. యూదులని తేలితే పసిపిల్లల్ని కూడా రైళ్లెక్కించి చావు శిబిరాలకి పంపిన రోజులవి.

ఇందాకటి నీ ప్రశ్నకి జవాబిక్కడుంది. లూవెన్‌లో బ్రూనో అని ఓ బెనెడిక్టైన్ సన్యాసి. అబద్ధం ఆడకూడదని చెప్పే మతం ఆయనది. ఆయన యూదుల పిల్లల్ని కాన్వెంట్లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో దాచి, వాళ్లకి కొత్త పేర్లు పెట్టి, దొంగ కాగితాలు పుట్టించి, దాదాపు 400 మంది ప్రాణాలు కాపాడాడు. పిల్లలు అసలు పేర్లు మరిచిపోతే తల్లిదండ్రులకి ఎలా అప్పగించడం? అందుకని ఏ పిల్లకి ఏ పేరు పెట్టాడో చిన్న పుస్తకంలో రాసి దాచాడు. దొంగ పేరు ప్రాణం కోసం, అసలు పేరు తిరిగిచ్చెయ్యడం కోసం. నమూర్ ఊళ్లో ఆంద్రే అనే ఇంకో ఫాదరు జర్మన్ సైన్యపు కచేరీ పక్కనున్న తన ఇంట్లోనే పిల్లల్ని దాచాడు. సింహం గుహ పక్కనే లేడిపిల్లల్ని కట్టేసుకున్నట్టు! బ్రూనో గారిని ఇజ్రాయెల్ వాళ్లు పిలిచి గౌరవించిన సంవత్సరం కూడా 1964యే. ఒక ఫాదరుకి పతకం, ఒక ఫాదరుకి రాళ్లదెబ్బ, ఒకే ఏడు.

అలాగని చర్చివాళ్లందరూ అలా చేశారని చెప్పను. గడియ బిగించుకుని కూచున్నవాళ్లు అక్కడా ఉన్నారు. మా సందులో ఎన్ని ఇళ్లు! ఆ రాత్రి చాచా మొదట తట్టింది మా తలుపు కాదు.

తర్వాత ఏడేళ్లకి మళ్లీ రైళ్లొచ్చాయి. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం జనం మీద పడింది. ఈసారి కోటి మంది ఇటొచ్చారు. కోటి అంటే ఎంతో నేను చెప్పలేను, మీరే లెక్కేసుకోండి. అక్కడ జెస్సోర్‌లో మారియో వెరొనేజీ అని ఇటలీ ఫాదరు ఉండేవాడు. ఏప్రిల్ 4, మట్టల ఆదివారం. ఆయన మిషన్లో జనం తలదాచుకున్నారు. సైనికులొస్తే గుండె మీద రెడ్ క్రాస్ గుర్తుతో, చేతులెత్తి ఎదురెళ్లాడు. కాల్చేశారు. అదే నెల 21న, మన సరిహద్దుకి దగ్గరగా రుహియాలో లూకాస్ మరాండీ గారిని చంపేశారు. మరాండీ అంటే తెలిసిందా? సంతాలీ ఇంటిపేరు. ఇప్పుడు టుసు పాటలు వినబడుతున్న ఆ బస్తీలో ఎంతమంది మరాండీలు లేరు! ఆ వార్త విని వాళ్ల పెద్దలు మాదల్ వాయించడం ఆపేశారు కొన్నాళ్లు.

అప్పటికి నాకు పద్దెనిమిది. 1962లో మన జంషెడ్‌పూర్‌కి కొత్తగా మేత్రాసనం ఏర్పడితే మొదటి బిషప్‌గా వచ్చిన లారెన్స్ పికాచీ గారు 1969లో కలకత్తా ఆర్చిబిషప్ అయి వెళ్లారు. కాందిశీకుల వరద ఆయన వాకిట్లోకే వచ్చింది. సాల్ట్ లేక్‌లో గుడారాలు సరిపోక పెద్ద పెద్ద సిమెంటు గొట్టాల్లో కాపురాలు పెట్టారు జనం. వానలు, బురద, కలరా. మదర్ తెరెసా సిస్టర్లు అక్కడే పసిపిల్లల్ని చూసుకున్నారు. మన ఊళ్లో సిస్టర్లు ఇల్లిల్లూ తిరిగి బట్టలు పోగుచేస్తే వాళ్లతో నేనూ తిరిగాను. తెలుగువాళ్ల ఇళ్లలో నేత చీరలిచ్చారు. ఒకావిడ ఒంటి మీదున్న శాలువా తీసి ఇచ్చేసింది.

మానాకి వెళ్లే రైళ్లు మళ్లీ టాటానగర్‌లో ఆగాయి. నాన్న మళ్లీ అటుకులు మూట కట్టాడు. కానీ ఈసారి మా ఇంటి ముందు పదిమందిని కూచోబెట్టి ఓ మాట చెప్పాడు. "స్టేషనుకి ఎళ్లినోడికి రెండు పనులు. ఎళ్లి అటుకులు పంచాల. తిరిగొచ్చి, ఇంటికి పోకముందు, తెలిసిన తురకోళ్ల గుమ్మంలో కూచుని ఓ టీ తాగాల." నవ్వారు కొందరు. కానీ తాగారు. నాన్న పెద్ద చదువులు చదవలేదు గానీ, జాలికి దారి చూపించకపోతే అది ఎటు పోతుందో 1964లో కళ్లారా చూశాడు.

అందరూ నేర్చేసుకున్నారా అంటే లేదు. 1979 ఏప్రిల్లో శ్రీరామనవమి ఊరేగింపు దగ్గర మొదలై ఈ ఊరు మళ్లీ మండింది. అప్పటికి ఈ మాను ఇంకా అటకెక్కలేదు. అంతవరకే చెప్తాను. పండగ పూట మిగతాది వద్దు.

సరే లెండి, తెల్లారిపోతోంది. ఆ కుర్చీ వేసెయ్యండి మంటలో. నీళ్లు కాగాయి, ఒక్కొక్కరూ వచ్చి తలంటించుకోండి. పసిదానికి భోగిపళ్లు సాయంత్రం పోద్దాం. ఆ మాను ఇలా ఇవ్వు. అటక మీద కాదు, తలుపు మూల పెడతాను, వచ్చేపోయేవాళ్లకి కనబడేలా.

ఇదిగో, ఈ చివర కాస్త గుంట పడింది, వేలు పెట్టి చూడు. మా అమ్మ వేళ్లు అరగదీసిన చోటది. వెయ్యడానికైతే వేళ్లతో పని లేదు, అరచేత్తో తోస్తే పోతుంది. తియ్యడానికే ఇక్కడ పట్టుకుని లాగాలి.